పాత తుపాకి నిజం ఎట్లా తెలిసింది?

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అందులో కత్తులు, బల్లేలు, డాళ్లు ఉన్నాయి. పాత తుపాకులు కూడా ఉన్నాయి. ఇలాంటి తుపాకుల్ని చూసినప్పుడు ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది.

"ఇంత పొడుగు తుపాకి! ఇది ఎంత దూరం కొట్టేది? గురిపెట్టిన చోటే తగిలేదా?"

పక్కన చిన్న అట్ట మీద ఏదో రాసి ఉంటుంది. అది ఏ కాలం తుపాకి, ఏ ఊరిది అని ఉంటుంది. అది ఎట్లా పనిచేసేదో మాత్రం ఉండదు.

పాత తుపాకుల గురించి జనం రెండు రకాలుగా చెబుతారు.

కొందరు అంటారు: "ఆ కాలం తుపాకికి తిరుగే లేదు. ఏటికి ఈవల నుంచి కొడితే ఆవల ఉన్నవాడు పడిపోవలసిందే."

మరికొందరు అంటారు: "అదంతా ఉత్త మోత. పొగ తప్ప ఇంకేమీ లేదు."

ఈ రెండు మాటల్లో ఏది నిజం? వాదించుకుంటే తేలదు. గట్టిగా అరిచినవాళ్ల మాట నిజమైపోదు. దీనికి ఒకటే దారి. చేసి చూడాలి. చూసి ఊరుకోకుండా కొలవాలి.

కొన్ని దేశాల్లో కొందరు అలా చేసి చూశారు. వాళ్లు ఏం చేశారు? వాళ్లకు ఏం తెలిసింది? ఈ పాఠంలో చదువుదాం.

పాత తుపాకి ఎట్లా పేలేది?

తుపాకి అంటే ఒకవైపు మూసి ఉన్న గొట్టం. మొదట దాని మూతిలో తుపాకి మందు పోస్తారు. ఇక్కడ మందు అంటే జబ్బుకు వేసే మందు కాదు. నిప్పు తగిలితే భగ్గుమనే నల్లటి పొడి. దానిలో సూరేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి.

మందు పోసిన తర్వాత సీసపు గుండు వేస్తారు. పొడుగు కడ్డీతో లోపలికి నెడతారు. గొట్టానికి అడుగున పక్కగా ఒక చిన్న బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జం దగ్గర నిప్పు పెడతారు. నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది.

అప్పుడు ఏమవుతుంది? అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత చూడండి. లోపలి ఆవిరి దాన్ని పైకి తంతుంది. మూత తడతడ కొట్టుకుంటుంది. తుపాకిలో జరిగేదీ ఇలాంటిదే. మందు కాలితే వేడి వాయువు పుడుతుంది. అది ఒక్కసారిగా ఉబ్బుతుంది. వెనక దారి లేదు. పక్కన దారి లేదు. ముందు గుండు ఒక్కటే అడ్డం ఉంది. దాన్ని బయటికి తన్నేస్తుంది.

మొదటి తుపాకులకు మండుతున్న వత్తితో నిప్పు పెట్టేవారు. వాటిని వత్తి తుపాకులు అనవచ్చు. వాన పడితే వత్తి ఆరిపోయేది. చీకట్లో వత్తి వెలుగు శత్రువుకు కనపడేది. తర్వాత 1500ల్లో చక్రం తుపాకి వచ్చింది. అందులో ఉక్కు చక్రం రాయికి రాచుకుని నిప్పురవ్వలు రాలేవి. 1600ల్లో చెకుముకి తుపాకి వచ్చింది. చెకుముకి రాయి ఉక్కు మీద కొడితే నిప్పురవ్వ పుట్టేది.

వీటన్నిటిలో ఒక సంగతి ఒకటే. ఒకసారి పేల్చిన తర్వాత మళ్లీ మొదటి నుంచి మందు పోయాలి. గుండు వేయాలి. కడ్డీతో నెట్టాలి. అంతసేపూ ఎదుటివాడు ఊరికే నిలబడడు గదా!

బొమ్మలోని కుండ

ఇంగ్లండు దేశంలో ఒక పాత పుస్తకం ఉంది. అది 1326 నాటిది. వాల్టర్ డి మైల్మీట్ అనే ఆయన ఒక రాజకుమారుడి కోసం దాన్ని తయారుచేశాడు. ఆ పుస్తకంలో ఒక వింత బొమ్మ ఉంది.

బల్ల మీద ఒక కుండ పడుకోబెట్టి ఉంది. దాని పొట్ట లావు. మెడ సన్నం. కుండ మూతిలోంచి ఒక పెద్ద బాణం బయటికి వచ్చి ఉంది. ఒక సిపాయి వెనక నిలబడి కుండకు నిప్పు పెడుతున్నాడు. ఎదురుగా కోట గుమ్మం ఉంది.

ఈ కుండ గురించి ఆ పుస్తకంలో ఒక్క మాట కూడా లేదు. బొమ్మ మాత్రమే ఉంది. ఐరోపా ఖండంలో తుపాకిని చూపించిన తొలి బొమ్మల్లో ఇది ఒకటి.

దీన్ని చూసి అనుమానపడడం తప్పు కాదు. కుండలోంచి బాణం పోతుందా? నిప్పుకు బాణం కాలిపోదా? బొమ్మ గీసినవాడు నిజంగా చూసి గీశాడా, ఎవరో చెప్పింది విని గీశాడా?

1861లో స్వీడన్ దేశంలో లోష్‌హుల్ట్ అనే ఊళ్లో ఒక చిన్న కంచు తుపాకి దొరికింది. అది 1300ల నాటిది. పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. అంటే పిల్లలు బడికి తీసుకుపోయే స్కేలు అంత. బరువు సుమారు 9 కిలోలు. దాని ఆకారం బొమ్మలోని కుండలాగే ఉంది. పొట్ట లావు, మెడ సన్నం. అంటే అలాంటి తుపాకి నిజంగానే ఉండేదన్నమాట.

అయితే అది బాణాన్ని విసరగలదా? అసలు తుపాకిని పేల్చి చూడడానికి లేదు. అలాంటివి దొరకడమే అరుదు. పేలిస్తే పగిలిపోవచ్చు. పగిలితే మళ్లీ రాదు.

డెన్మార్క్ దేశంలో పాతకాలపు బతుకును చేసి చూపించే మ్యూజియం ఒకటి ఉంది. 2000 తర్వాత అక్కడివారు, మరికొందరు పండితులు కలిసి ఒక పని చేశారు. లోష్‌హుల్ట్ తుపాకిని అంగుళం అంగుళం కొలిచారు. అదే కొలతతో కంచు పోసి కొత్త తుపాకి చేశారు. పాతకాలంలో లాగా మందు కలిపారు. బాణాలు పెట్టి పేల్చారు. సీసపు గుండ్లు పెట్టీ పేల్చారు.

బాణం పోయింది! కొన్ని వందల మీటర్ల దూరం పోయింది.

సుమారు ఏడు వందల ఏండ్ల నాటి బొమ్మ అబద్ధం కాదని అప్పుడు తేలింది. మాటల్లేని బొమ్మకు కొత్తగా చేసిన తుపాకి సాక్ష్యం చెప్పింది.

ఉయ్యాలతో గుండు వేగం

తుపాకి గుండు కంటికి కనపడదు. కనపడని దాని వేగాన్ని ఎట్లా కొలుస్తారు? ఇప్పుడు అందుకు యంత్రాలు ఉన్నాయి. కరెంటు లేని కాలంలో ఏం చేశారు?

ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ అనే ఆయన ఉండేవాడు. లెక్కల్లో దిట్ట. ఆయన చాలా తేలిక ఉపాయం కనిపెట్టాడు. 1742లో పుస్తకం రాసి దాన్ని అందరికీ చెప్పాడు.

ఆయన ఒక బరువైన చెక్క దిమ్మెను ఉయ్యాలలాగా వేలాడదీశాడు. దాని మీదికి తుపాకి పేల్చాడు. గుండు దిమ్మెలో దిగబడింది. ఆ ఊపుకు దిమ్మె వెనక్కి ఊగింది. ఎంత ఊగిందో ఆయన కొలిచాడు.

ఇందులో కిటుకు ఏమిటి? ఇంట్లో బిడ్డ ఉయ్యాలను మెల్లగా తోస్తే కొంచెం ఊగుతుంది. గట్టిగా తోస్తే ఎక్కువ ఊగుతుంది. ఊగిన దూరాన్ని బట్టి ఎంత గట్టిగా తోశారో చెప్పవచ్చు. దిమ్మె బరువు తెలుసు. గుండు బరువు తెలుసు. ఊగిన దూరం తెలుసు. ఇక గుండు వేగం లెక్కకట్టవచ్చు.

ఆ లెక్కలో గుండు సెకనుకు 1,600 అడుగులకు పైగా పోతున్నట్టు తేలింది. సెకను అంటే "ఒకటి" అని పలికేంత సేపు.

రాబిన్స్ అంతటితో ఆగలేదు. దిమ్మెను దగ్గరగా పెట్టి ఒకసారి, దూరంగా పెట్టి ఒకసారి పేల్చాడు. దూరం పెరిగేకొద్దీ గుండు వేగం బాగా తగ్గుతోంది. ఎందుకు? గాలి అడ్డుకుంటోంది.

అంతకు ముందు చాలామంది పండితులు ఏమనుకునేవారు? "గాలి ఎంత పలచన! ఇనుము, సీసం గుండ్లను గాలి ఏం ఆపుతుంది?" అనుకునేవారు. గాలిని వదిలేసి లెక్కలు కట్టేవారు. వాళ్లు చదువురానివాళ్లు కారు. కొలవకుండా అనుకున్నారు, అంతే. వేలాడుతున్న ఒక చెక్క దిమ్మె వాళ్ల లెక్క తప్పని చూపించింది.

గాలి బలం ఎంతో తెలియాలంటే బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టక్కర లేదు. అది ప్రమాదం. సైకిల్ మీద వేగంగా పోతుంటే ముఖానికి గాలి కొడుతుంది. అది చాలు. వేగం పెరిగేకొద్దీ గాలి ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది.

ఈ రాబిన్స్ తర్వాత మన దేశానికి వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ కోటల పని చూడడానికి వచ్చాడు. 1751లో తమిళనాడులోని కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

గ్రాట్జ్ ఊరి ఆయుధాల కొట్టు

ఆస్ట్రియా దేశంలో గ్రాట్జ్ అనే ఊరు ఉంది. అక్కడ ఒక పాత ఆయుధాల కొట్టు ఉంది. 1642 నుంచి 1645 వరకు దాన్ని కట్టారు. టర్కీ సైన్యాలు వస్తాయనే భయంతో ఆ ప్రాంతం వాళ్లు అందులో ఆయుధాలు దాచుకున్నారు.

1749లో మేరియా థెరిసా రాణి ఆ కొట్టును తీసేద్దామనుకుంది. ఊళ్ల పెద్దలు ఒప్పుకోలేదు. "మా పూర్వీకులు దీనితోనే మమ్మల్ని కాపాడుకున్నారు. గుర్తుగా ఉండనివ్వండి" అని వేడుకున్నారు. రాణి విన్నది. అందుకే ఇప్పటికీ ఆ కొట్టు అట్లాగే ఉంది. అందులో సుమారు 32 వేల వస్తువులు ఉన్నాయి.

ఒకే రకం తుపాకులు చాలా ఉన్నందువల్ల అక్కడ ఒక వీలు కలిగింది. కొన్నిటిని పరీక్షకు తీయవచ్చు. 1988-89లో ఆ కొట్టులోంచి బాగున్న పాత తుపాకుల్ని ఎంచి తీశారు. ఆస్ట్రియా సైన్యం పరీక్షలు చేసే చోటికి తీసుకుపోయారు. ఇవి నకళ్లు కావు. 1500ల నుంచి 1700ల వరకు చేసిన అసలు తుపాకులు.

వాటిని మనుషులు చేత పట్టుకోలేదు. గట్టి చట్రానికి బిగించారు. దూరం నుంచి కరెంటుతో నిప్పు అంటించారు. రెండు చోట్ల మధ్య గుండు పోవడానికి పట్టిన కాలాన్ని యంత్రాలతో కొలిచారు.

ఏం తేలిందో ఒక్కొక్కటే చూద్దాం.

వేగం: గుండు తుపాకి నుంచి బయటపడేటప్పుడు వేగం సగటున సెకనుకు 454 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు పోయే బస్సు సెకనుకు 17 మీటర్లు కూడా పోదు. అంటే గుండు ఆ బస్సు కంటే 27 రెట్లు వేగం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే మోత చెవిన పడక ముందే గుండు వచ్చి తగలవచ్చు. "ఉత్త మోత" అన్నవాళ్ల మాట ఇక్కడ తేలిపోయింది.

ఇంకో సంగతి చూడండి. రాబిన్స్ చెక్క దిమ్మెతో చెప్పిన లెక్క, 246 ఏండ్ల తర్వాత యంత్రాలు చెప్పిన లెక్క దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఉపాయం సరైనదైతే పనిముట్టు తేలికదైనా నిజం చెబుతుంది.

గాలి దెబ్బ: గుండ్రటి సీసపు గుండును గాలి బాగా ఆపుతుంది. 100 మీటర్లు పోయేసరికే వేగంలో సుమారు మూడో వంతు పోతుంది. ఇప్పటి తూటాకు ముందు మొన ఉంటుంది. అది గాలిని చీల్చుకుపోతుంది. గుండ్రటి గుండుకు అట్లా కుదరదు.

గురి: మనిషి అంత గురిని పెట్టారు. ఎత్తు 167 సెంటీమీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు. 100 మీటర్ల దూరంలో నిలబెట్టారు. పెద్ద తుపాకులకు గురి కుదిరిన పాళ్లు సుమారు సగం. అంటే రెండు గుండ్లు పేలిస్తే ఒకటి తగులుతుంది. ఒకటి తప్పుతుంది. "తిరుగే లేదు" అన్నవాళ్ల మాట కూడా ఇక్కడ తేలిపోయింది.

ఎందుకు తప్పుతుంది? మూతిలోంచి వేయాలి గనుక గుండు గొట్టం కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. పేలినప్పుడు అది గొట్టం గోడలకు తగులుతూ బయటికి వస్తుంది. చివర ఏ వైపు తగిలితే దాన్ని బట్టి గిరగిర తిరుగుతుంది. తిరిగే గుండును గాలి ఒక పక్కకు తోస్తుంది. క్రికెట్ ఆడే పిల్లలు బంతిని తిప్పి వేస్తే దారి మారుతుంది గదా! అలాగే. ఈసారి ఏ పక్కకు పోతుందో పేల్చేవాడికీ తెలియదు.

కవచం: ఆ కాలంలో సిపాయిలు ఛాతీకి ఇనుప కవచం తొడుక్కునేవారు. 1570 ప్రాంతంలో చేసిన ఒక కవచాన్ని కూడా పరీక్షించారు. దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. దాని వెనక మనిషి బట్టలకు బదులు నారగుడ్డ కప్పిన ఇసుక మూట పెట్టారు. 8 మీటర్లు దాటిన దూరం నుంచి పాత పిస్తోలు పేల్చారు. గుండు కవచాన్ని తూట్లు పొడిచింది. కాని దాని బలం అక్కడితో అయిపోయింది. వెనక ఉన్న గుడ్డలో ఆగిపోయింది.

కవచం కాపాడిందా, కాపాడలేదా? తూటు పడింది నిజం. ఆ మనిషి బతికి ఉండేవాడన్నదీ నిజమే కావచ్చు. "అవును", "కాదు" అనే రెండు మాటల్లో ఇమడని జవాబు ఇది. పరీక్ష చేస్తే ఇలాంటి జవాబులు కూడా దొరుకుతాయి.

పరీక్ష చెప్పనిది ఏమిటి?

పరీక్ష చెప్పింది ఎంత ముఖ్యమో, చెప్పనిది కూడా అంతే ముఖ్యం.

గ్రాట్జ్ తుపాకులు చట్రానికి బిగించి ఉన్నాయి. చట్రానికి చెయ్యి వణకదు. చట్రానికి ఆకలి లేదు, నిద్ర లేదు. ఎదుటివాడు తనను చంపుతాడనే భయం లేదు. యుద్ధంలో నిలబడిన మనిషికి ఇవన్నీ ఉంటాయి. తుపాకులు పేలేకొద్దీ పొగ కమ్ముకుంటుంది. ఎదుటివాళ్లు కనపడరు. కాబట్టి యుద్ధంలో గురి సగానికి కుదిరి ఉండదు. చాలా తక్కువే కుదిరి ఉంటుంది.

అందుకే ఆ కాలంలో సిపాయిల్ని వరసగా నిలబెట్టేవారు. అందరూ ఒక్కసారి పేల్చేవారు. ఒక్కడి గురిని నమ్మేవారు కాదు. వంద గుండ్లు పోతే కొన్నైనా తగులుతాయనే లెక్క. ఎవరికి తగులుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ వరసల్లో నిలబడినవాళ్లు ఎవరో ఒక తల్లి బిడ్డలు.

మందు సంగతి కూడా ఉంది. గ్రాట్జ్ పరీక్షలో వాడింది ఈ కాలంలో చేసిన మందు. పాతకాలపు మందు అన్నిచోట్లా ఒకటిగా ఉండేది కాదు. మొదట్లో అది పిండిలా ఉండేది. తర్వాత రవ్వలాగా చేయడం నేర్చుకున్నారు. పొయ్యిలో పిండిలాంటి పొట్టు కుమ్మరిస్తే నిప్పు మెల్లగా పాకుతుంది. సందులున్న పుల్లలు వేస్తే గబుక్కున అంటుకుంటుంది. రవ్వ మందు కూడా అంతే. సందుల్లోంచి నిప్పు చప్పున పాకుతుంది. అందువల్ల ఏ కాలం తుపాకికి ఏ మందు వాడారో చూసుకుని లెక్క చెప్పాలి.

నిజాయితీగా పరీక్ష చేసేవాళ్లు ఈ లోపాలన్నీ ముందే చెబుతారు. "ఇంతవరకు తెలిసింది, ఇంతవరకే" అంటారు. అట్లా చెప్పిన మాటనే ఎక్కువ నమ్మవచ్చు.

మరిగే నూనె బాధ

తప్పుడు నమ్మకం వల్ల మనుషులు ఎంత బాధపడతారో చూడండి.

తుపాకులు వచ్చిన కొత్తలో ఐరోపా వైద్యులు ఒక మాట నమ్మారు. "తుపాకి మందులో విషం ఉంది. గుండు తగిలిన గాయంలో విషం చేరుతుంది. దాన్ని కాల్చెయ్యాలి" అనుకున్నారు. అందుకని గాయంలో మరిగే నూనె పోసేవారు. గుండు దెబ్బకు తోడు నూనె దెబ్బ!

ఫ్రాన్సు దేశంలో ఆంబ్రోయిజ్ పారే అనే కుర్ర వైద్యుడు ఉండేవాడు. 1536-37 నాటి యుద్ధంలో సిపాయిలకు కట్లు కట్టేవాడు. ఒకరోజు నూనె అయిపోయింది. గాయపడినవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పుడు గుడ్డు పచ్చసొన, గులాబీ నూనె, టర్పెంటైను కలిపి చల్లగా పూశాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి వాళ్లు విషంతో చనిపోతారని భయపడ్డాడు.

పొద్దున్నే లేచి పోయి చూశాడు. చల్లటి మందు పూసినవాళ్లకు నొప్పి తక్కువగా ఉంది. రాత్రి నిద్ర పోయారు. మరిగే నూనె పోసినవాళ్లకు జ్వరం ఉంది. గాయాల చుట్టూ వాచి ఉంది. వాళ్లు బాధతో మూలుగుతున్నారు.

పారే ఇక మరిగే నూనె పోయనని ఒట్టు పెట్టుకున్నాడు. 1545లో పుస్తకం రాసి మిగతా వైద్యులకు చెప్పాడు. పెద్దలు చెప్పారని కళ్లు మూసుకుని ఉంటే ఇంకెంతమంది కాలిపోయి ఉండేవారో! ఆయన పక్క పక్కన పెట్టి చూశాడు. రెండింటికీ తేడా గమనించాడు.

ఇప్పుడు ఎవరికైనా కాలినా, గాయమైనా ఇంట్లో ఇలాంటి పూతలు పూయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అదీ తర్వాతి కాలంలో చేసిన పరీక్షల వల్ల తెలిసిన సంగతే.

జాగ్రత్త

తుపాకి పరీక్షలు చేసినవాళ్లు ఆ పని నేర్చుకున్నవాళ్లు. ప్రభుత్వం అనుమతి తీసుకున్నవాళ్లు. వాళ్లు కూడా తుపాకి దగ్గర నిలబడలేదు. దూరం నుంచే పేల్చారు. పాత గొట్టంలో కంటికి కనపడని బీట ఉండవచ్చు. పేలిస్తే అది ముక్కలై పేల్చినవాళ్లనే చంపవచ్చు.

తుపాకి మందు, టపాకాయల మందు ఇంట్లో కలపకూడదు. పొలంలో, చెరువులో పాత గుండో తూటానో దొరికితే ముట్టుకోకూడదు. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకూడదు. పోలీసులకు చెప్పాలి. పనిచేసే తుపాకిని లైసెన్సు లేకుండా ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

మనకు ఇందులో ఏముంది?

"తుపాకులతో ఆడవాళ్లకు పని ఏమిటి?" అని కొందరు అడగవచ్చు. తుపాకితో పని లేకపోవచ్చు. కొలవడంతో పని ఉంది.

బిడ్డను చూసి ఇరుగుపొరుగు వాళ్లు "బొద్దుగానే ఉన్నాడు" అంటారు. అంగన్‌వాడీలో తూచి, చీటీ మీద రాస్తే అసలు సంగతి తెలుస్తుంది. పోయిన నెల కంటే బరువు పెరిగిందా, తగ్గిందా? చెప్పేది అంకె.

దుకాణంలో "సరిగ్గానే తూచానమ్మా" అంటారు. కాటా ముల్లు చూడడం వచ్చినవాళ్లకు ఆ మాట నిజమో కాదో తెలుస్తుంది.

కూలి డబ్బులు ఇచ్చేటప్పుడు "లెక్క సరిపోయింది" అంటారు. ఎన్ని రోజులు పోయారో కాగితం మీద రాసుకున్నవాళ్లు ఆ లెక్కను సరిచూడగలరు.

ఏడు వందల ఏండ్ల నాటి కుండ నిజాన్ని కొలతతోనే తేల్చారు. కంటికి కనపడని గుండు వేగాన్నీ కొలతతోనే తేల్చారు. మన చేతి మీదుగా పోయే బియ్యం, కూలి, బిడ్డ బరువు అంతకంటే కష్టమైనవి కావు. అక్షరం, అంకె వచ్చిన చెయ్యి కొలవగలదు. కొలిచింది రాసిపెట్టగలదు. రాసిపెట్టిన దాన్ని నలుగురిలో చూపించి అడగగలదు.

కొత్త మాటలు

సూరేకారం – తుపాకి మందులో వాడే ఒక రకం ఉప్పు.
చెకుముకి – ఉక్కు మీద కొడితే నిప్పురవ్వలు పుట్టించే రాయి.
కవచం – దెబ్బ తగలకుండా ఒంటికి తొడుక్కునే ఇనుప తొడుగు.
నకలు – అసలు దాన్ని చూసి, అదే కొలతతో చేసినది.
సగటు – అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో పంచితే వచ్చే లెక్క.

జవాబులు చెప్పండి

1. లోష్‌హుల్ట్ తుపాకిని పేల్చకుండా దాని నకలు ఎందుకు చేశారు?
2. గుండు వేగాన్ని రాబిన్స్ దేనితో కొలిచాడు?
3. గ్రాట్జ్ పరీక్షలో 100 మీటర్ల దూరంలో గురి ఎంతవరకు కుదిరింది?
4. యుద్ధంలో గురి అంతకంటే తక్కువ కుదురుతుంది. ఎందుకు?
5. పారే మరిగే నూనె పోయడం ఎందుకు మానేశాడు?

చేసి చూడండి

100 మీటర్లు ఎంత దూరమో చూడాలంటే తాడు తీసుకోండి. మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. 220 మూరలు కొలిస్తే సుమారు 100 మీటర్లు అవుతుంది. ఆ చివర ఒకరిని నిలబెట్టండి. ఈ చివర నుంచి చూడండి. ఆ మనిషి ఎంత చిన్నగా కనపడుతుందో అందరూ ఒక్కొక్కరుగా చెప్పండి.

తర్వాత ఒక చిన్న డబ్బాలో ఇసుక నింపి తాడుతో వేలాడదీయండి. గుడ్డ బంతితో ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా కొట్టండి. ఎప్పుడు ఎక్కువ ఊగింది? ఎన్ని వేళ్ల దూరం ఊగింది? పలక మీద రాయండి.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో అందరూ నిజమని నమ్మి, ఎవరూ కొలిచి చూడని మాట ఏదైనా ఉందా? దాన్ని తేల్చాలంటే ఏం కొలవాలి? ఎట్లా కొలవాలి?